పూర్తిగా తడవని నేలలో నీటి ప్రవాహం: రిచర్డ్స్ సమీకరణంతో సొంత మోడల్ రాసుకోవడం ఎలా

వాన పడ్డాక నీళ్లు ఎంత లోతుకు దిగాయి, వేర్ల దగ్గర ఎంత నిలిచాయి, ఎంత కిందికి జారిపోయి భూగర్భజలంలో కలుస్తాయి? ఈ మూడింటికీ లెక్క ఒకటే, రిచర్డ్స్ సమీకరణం. 1931 నుంచీ ఉంది, రాస్తే ఒక్క లైను. దాన్ని కంప్యూటర్‌తో సాల్వ్ చేయడమే కష్టమని చాలామంది భయపడతారు కానీ నన్నడిగితే అసలు మెలికలు వేరే చోట ఉన్నాయి. ఒకటి, నేల ఎండేకొద్దీ దాని జలవాహకత, అంటే నీటిని తన గుండా పోనిచ్చే శక్తి, ఎంత దారుణంగా పడిపోతుందో చెప్పే వక్రరేఖ. రెండు, నేల పైన ఉండే మొదటి సెంటీమీటరు దగ్గర మీరు పెట్టే షరతు. ఈ రెండూ సరిగా కుదిరితే మిగతాదంతా ఓపిక పని.

ఉదాహరణకి ఒక ఎర్ర చెలక భూమి తీసుకుందాం. మీటరు లోతు, ఇసుకపాలు ఎక్కువున్న గరపనేల, ఎండి ఉంది, గంటలో 40 మి.మీ. వాన పడింది. పొడవూ వెడల్పూ పట్టించుకోకుండా లోతు ఒక్కటే చూస్తాం, అంటే ఒక్క డైమెన్షన్.

అయితే ముందు ఒక మాట. మీకు నిజంగా ఇంత మోడల్ అవసరమా అని చూసుకోండి. ఒక్క వానకి ఎంత ఇంకిందో తెలిస్తే చాలనుకుంటే గ్రీన్, ఆంప్ట్ 1911లో ఇచ్చిన పద్ధతి సరిపోతుంది, ఎక్సెల్‌లో గంట పని. సీజన్ మొత్తానికి పంటకి ఎన్ని తడులు పెట్టాలో ఉజ్జాయింపుగా కావాలంటే రోజువారీ జమాఖర్చు లెక్క చాలు. నీరు ఒకసారి కిందికీ, మరోసారి పైకీ పోయే పరిస్థితి ఉన్నా, పొరలు పొరలుగా ఉన్న నేల అయినా, ఎరువులోని నైట్రేట్ ఎంత లోతుకి కొట్టుకుపోతుందో చూడాలన్నా, అప్పుడు రిచర్డ్స్ దగ్గరికి రండి.

సమీకరణంలో ఏముంది

1856లో ఫ్రాన్స్‌లోని డిజాన్ ఊరి నీటి సరఫరా గురించి రాస్తూ డార్సీ అనే ఇంజనీరు ఇసుక గొట్టాల మీద చేసిన ప్రయోగాలతో నీటి ప్రవాహానికి ఒక నియమం చూపించాడు, అక్కడ ఇసుక పూర్తిగా నీటితో నిండి ఉంది. సగం తడి, సగం పొడిగా ఉన్న నేలకి ఆ నియమాన్ని 1907లో బకింగ్‌హామ్ విస్తరించాడు, జలవాహకత స్థిరం కాదు, తేమని బట్టి మారుతుందన్నాడు. రిచర్డ్స్ దానికి నీటి జమాఖర్చు జోడించాడు. అంతే.

మనకి కావలసిన రాశులు మూడు. హెచ్ అంటే నేలలో నీటి పీడనం, సెంటీమీటర్ల నీటి ఎత్తుగా కొలుస్తాం, తడవని నేలలో ఇది ఎప్పుడూ రుణ సంఖ్యే. హెచ్ −100 అంటే మట్టి రేణువులు నీటిని 100 సెం.మీ. నీటి స్తంభమంత బలంతో పట్టుకుని ఉన్నాయన్నమాట. థీటా అంటే ఘనపరిమాణంలో తేమ వాటా. కె అంటే జలవాహకత. లోతుని కిందికి ధనాత్మకంగా తీసుకుంటే:

కిందికి ప్రవాహం = కె × (1 − లోతుతో హెచ్ మారే రేటు)

ఒక పొరలో తేమ మార్పు = పై నుంచి వచ్చింది − కిందికి పోయింది − వేర్లు పీల్చింది

మొదటి దాంట్లో ఆ 1 గురుత్వాకర్షణ. లోతుని పైకి ధనాత్మకంగా తీసుకున్న పుస్తకాల్లో గుర్తులు మారతాయి, ఒక పుస్తకం నుంచి సగం, ఇంకో పుస్తకం నుంచి సగం తీసుకుంటే నీరు ఆకాశంలోకి పోతుంది. ఏదో ఒకటే పట్టుకోండి.

నేల వక్రరేఖ, చేత్తో ఒకసారి

కోడ్ రాసేముందు కాలిక్యులేటర్‌తో ఒక్కసారి చేసి చూడండి, దీనికి మించిన చదువు లేదు. 1980లో వాన్ గెనుఖ్టెన్ ఇచ్చిన సూత్రం వాడదాం, జలవాహకత భాగానికి ఆయన 1976 నాటి మ్యూలెమ్ పద్ధతిని తీసుకున్నాడు. నేల రకాల వారీగా సగటు విలువల పట్టిక కార్సెల్, పారిష్ 1988లో ప్రచురించారు, అందరూ మొదట ఎత్తుకునేది అదే. ఇసుక గరపనేలకి అందులో మిగులు తేమ (ఎంత ఎండినా మిగిలేది) 0.065, నిండు తేమ 0.41, వక్రరేఖ ఆకారాన్ని నిర్ణయించే రెండు అంకెలు ఆల్ఫా సెంటీమీటరుకి 0.075, ఎన్ 1.89, నిండుగా ఉన్నప్పుడు కె రోజుకి 106.1 సెం.మీ.

హెచ్ −100 అనుకుందాం. ఆల్ఫాని 100తో గుణిస్తే 7.5. దాన్ని 1.89 ఘాతానికి పెంచితే దాదాపు 45.1, ఒకటి కలిపితే 46.1. ఎమ్ అంటే 1 − 1/1.89, అంటే 0.471. 46.1ని −0.471 ఘాతానికి పెంచితే 0.165 వస్తుంది, ఇదే నిండుదల వాటా. తేమ = 0.065 + 0.345 × 0.165 = 0.122. ఇక కె. నిండుదల వాటాని 1/ఎమ్ ఘాతానికి పెంచితే 1/46.1, అంటే 0.0217. దాన్ని ఒకటిలోంచి తీసి, ఎమ్ ఘాతానికి పెంచి, మళ్లీ ఒకటిలోంచి తీస్తే 0.0103. దాని వర్గాన్ని నిండుదల వాటా వర్గమూలంతోనూ, 106.1తోనూ గుణించండి. రోజుకి 0.0045 సెం.మీ.

106 ఎక్కడ, 0.0045 ఎక్కడ. ఇరవై మూడు వేల రెట్లు పడిపోయింది, అదీ హెచ్ −100 దగ్గరే, ఇంకా నేల ఎండనేలేదు. −1000 దగ్గర చూస్తే రోజుకి 0.0000003 సెం.మీ. కన్నా తక్కువ.

ఇప్పుడు అదే లెక్క బంకమట్టికి చేయండి. పట్టికలో దాని ఆల్ఫా 0.008, ఎన్ 1.09, నిండు కె రోజుకి 4.8 సెం.మీ. మాత్రమే. హెచ్ −100 దగ్గర వచ్చేది 0.020. అంటే నిండా తడిసినప్పుడు బంకమట్టి కన్నా ఇరవై రెట్లు జోరుగా నీటిని వదిలే ఇసుకనేల, కాస్త ఎండేసరికి బంకమట్టిలో నాలుగో వంతు కూడా వదలదు. ఇసుకలో పెద్ద రంధ్రాలు ముందే ఖాళీ అయిపోతాయి, నీటికి దారి తెగిపోతుంది. సన్నమట్టి పొర కింద ముతక ఇసుక పొర ఉంటే నీరు ఆ హద్దు దగ్గర ఆగి నిలబడేది ఇందుకే, ఇసుక కదా చటుక్కున జారిపోతుందనుకుంటే పొరపాటు.

పట్టిక విషయంలో ఒక జాగ్రత్త. అవి అమెరికా నేలల సగటు. పై విలువలతోనే హెచ్ −330 దగ్గర, అంటే పుస్తకాల్లో నేల పట్టి ఉంచగల తేమకి గీసే గీత దగ్గర, తేమ 0.085 వస్తుంది. మొక్కలు వాడిపోయే −15000 దగ్గర 0.066. తేడా మీటరు లోతుకి 1.9 సెం.మీ. నీళ్లు. ఇది చూసి ఈ నేలలో ఏ పంటా బతకదనుకోకండి. ఇసుకనేలలకి −330 బదులు −100 దగ్గర గీత గీయడం మేలు, అప్పుడు 5.6 సెం.మీ. వస్తుంది. మీ పొలం మట్టిలో ఇసుక, ఒండ్రు, బంక శాతాలు, పొడి సాంద్రత తెలిస్తే రోసెట్టా అనే ప్రోగ్రాంలో వేసి విలువలు తెచ్చుకోవచ్చు, అదీ ఎక్కువగా అమెరికా, యూరప్ నేలల మీద తయారైందే కానీ నేల పేరు ఒక్కటే చూసి పట్టిక ఎత్తుకోవడం కన్నా నయం. నిండు కె మాత్రం వీలైతే పొలంలో డబుల్ రింగ్ (నేలలో దిగ్గొట్టి నీరు ఇంకే వేగం కొలిచే జంట వలయాలు) పెట్టి కొలవండి. అన్ని విలువల్లోకీ ఎక్కువ తేడా వచ్చేది దాంట్లోనే, ఒకే చేలో రెండు మూలల మధ్య పది రెట్లు తేడా వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కోడ్

మీటరు లోతుని సెంటీమీటరు చొప్పున 100 గళ్లు చేయండి. పై భాగంలో ఇంకా సన్నగా, కింద లావుగా పెట్టుకోవచ్చు కానీ మొదటి వెర్షన్‌కి సమానంగా ఉంచితే తప్పులు పట్టుకోవడం తేలిక. పైథాన్ చాలు. నేల సూత్రాలకి మూడు ఫంక్షన్లు రాయండి: హెచ్ ఇస్తే తేమ, హెచ్ ఇస్తే కె, హెచ్ ఇస్తే తేమ ఎంత వేగంగా మారుతుందో. ఈ మూడోదాన్ని సి అందాం. హెచ్ సున్నా దాటితే తేమ నిండు విలువ దగ్గరా, కె నిండు విలువ దగ్గరా ఆగాలి, సి సున్నా కావాలి.

కాలంలో ముందుకు నడిపేటప్పుడు పాత హెచ్‌తో కొత్త ప్రవాహం లెక్కగట్టే తేలిక దారి పట్టకండి, ఎండునేలలోకి నీరు చొచ్చుకొచ్చే చోట అది పేలిపోతుంది, లేదా సెకన్ల కొద్దీ అడుగులతో రాత్రంతా నడుస్తుంది. కొత్త హెచ్‌తోనే ప్రవాహం రాయాలి, అది తెలియదు కాబట్టి ఊహించి, సరిచేసి, మళ్లీ ఊహించాలి.

ఇక్కడే చాలా పాత మోడళ్లు తప్పిన చోటు ఉంది. చైన్ రూల్ ప్రకారం తేమ మార్పు = సి × హెచ్ మార్పు అని రాసేస్తే కాగితం మీద ఒప్పే, కానీ కాలపు అడుగు ఎంత చిన్నదైనా సున్నా కాదు కదా, ఆ అడుగులో సి విపరీతంగా మారిపోతుంది, నీళ్లు లెక్కలోంచి మాయమవుతాయి. సీలియా, బులూటస్, జర్బా అనే ముగ్గురు 1990లో దీనికి చక్కటి మందు చూపించారు. ప్రతి గడికీ ఇలా రాయండి:

గడి మందం × (ఊహించిన తేమ + సి × (కొత్త హెచ్ − ఊహించిన హెచ్) − పాత తేమ) ÷ కాలపు అడుగు = పై నుంచి ప్రవాహం − కిందికి ప్రవాహం

ఊహ నిజానికి దగ్గరయ్యేకొద్దీ మధ్యలోని సి పదం దానంతటదే సున్నా అయిపోతుంది, మిగిలేది అసలు తేమల తేడా. అందుకే నీరు పోదు. సమీకరణంలో ప్రతి గడికీ తెలియనివి మూడే, తన హెచ్, పైవాడి హెచ్, కిందివాడి హెచ్, కాబట్టి మేట్రిక్స్‌లో మూడు కర్ణాలే ఉంటాయి, థామస్ పద్ధతితో ఇరవై లైన్లలో తేలిపోతుంది, సైపై అనే పైథాన్ లైబ్రరీలో దీనికి రెడీమేడ్ ఫంక్షన్ కూడా ఉంది.

ఎప్పుడు ఆపాలి? ఊహకీ కొత్త విలువకీ తేడా తేమలో 0.001, హెచ్‌లో 1 సెం.మీ. లోపు వస్తే చాలు. మూడు లేదా తక్కువ చుట్లలో తేలితే తర్వాతి అడుగుని 1.3 రెట్లు పెంచండి, ఏడు దాటితే 0.7తో గుణించండి, పదికీ తేలకపోతే అడుగు బాగా తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. ఇవన్నీ ఇదే సమీకరణాన్ని సాల్వ్ చేసే హైడ్రస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి ఉండే విలువలు, ఏళ్ల తరబడి వాడి చూసినవి, మార్చాల్సిన అవసరం అరుదు.

రెండు గళ్ల మధ్య కె ఏది వాడాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. పై గడి నిండుగా ఉండి కె 106, కింది గడి −1000 దగ్గర ఎండి ఉందనుకోండి. మామూలు సగటు 53. గుణోత్తర సగటు (రెండింటి లబ్ధానికి వర్గమూలం) తీస్తే 0.005. దాదాపు పదివేల రెట్లు తేడా! గుణోత్తరం వాడితే తడి అంచు అక్కడే నిలబడిపోతుంది, ఎంతసేపటికీ కిందికి దిగదు. మామూలు సగటే వాడండి, గళ్లు సన్నగా ఉంటే అది చేసే హాని తక్కువ.

పైనా కిందా షరతులు

వాన పడుతున్నంతసేపూ పైగడికి ఆ వాన ప్రవాహాన్ని ఇవ్వండి. పైగడి హెచ్ సున్నా దాటుతోందంటే నేల ఇక తాగలేకపోతోందని, అక్కడ షరతు మార్చాలి: హెచ్‌ని సున్నా దగ్గర పట్టి ఉంచి ఎంత లోపలికి పోతోందో లెక్కగట్టండి, మిగిలింది పారిపోయే నీరు. గట్టు వేసిన వరిమడి అయితే గట్టు ఎత్తు వరకు నిలవనివ్వాలి. ఎండ కాసేటప్పుడు తలకిందులు, ఆవిరి ప్రవాహం ఇస్తూ పోయి, హెచ్ −15000కి దిగితే అక్కడ పట్టి ఉంచండి. ఈ మార్పిడిని ప్రతి అడుగు చివర కాకుండా ప్రతి చుట్టులోనూ చూడండి, లేకపోతే అటూ ఇటూ ఊగిసలాడుతుంది.

ఇప్పుడు వాన డేటా గురించి, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. రోజువారీ వర్షపాతం పెడితే మన 40 మి.మీ. వాన రోజుకి 4 సెం.మీ. ప్రవాహం అవుతుంది. బంకమట్టి నిండు కె 4.8. అంటే మోడల్ ప్రకారం ఒక్క చుక్క పారదు, అంతా ఇంకిపోతుంది. అదే వాన గంటలో పడిందని పెడితే రోజుకి 96 సెం.మీ. రేటు, బంకమట్టికి అందులో ఇరవయ్యో వంతు మాత్రమే నిలకడగా తాగే శక్తి ఉంది, ఎండి ఉంటే మొదట్లో గబగబా పీల్చుకున్నా తర్వాత చాలావరకు పారుతుంది. ఒకే వాన, ఒకే నేల, రెండు జవాబులు! మన దగ్గర ముసురు తక్కువ, కుండపోత ఎక్కువ, కాబట్టి రోజు సగటు ఇక్కడ ఇంకా పెద్ద అబద్ధం. రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, గంటవారీ లెక్క దొరికితే అదే వాడండి.

ఎర్రనేలకి ఇంకో చిక్కు. మన లెక్కలో ఇసుక గరపనేల కె 106, వాన రేటు 96, కాబట్టి అంతా ఇంకాలి. కానీ చెలకల్లో పనిచేసినవాళ్లెవరైనా నవ్వుతారు. దుక్కిలేని ఎర్రనేల మీద గట్టి చినుకులు పడితే పైపొర చితికి పక్కు కడుతుంది, ఆ పక్కు సెంటీమీటరు మందం కూడా ఉండదు, అయినా నీళ్లు పారేది దానివల్లే. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో ఎర్రనేలా, నల్లరేగడీ రెండూ ఉన్నాయి, అక్కడి పరిశోధనల్లో కూడా ఎర్రనేలల పక్కు పెద్ద సమస్యగా కనిపిస్తుంది. మోడల్‌లో మొదటి గడికి వేరే నేల విలువలు ఇవ్వండి, నిండు కె బాగా తక్కువగా, ఎంత తక్కువ అన్నది పారిన నీటి కొలతతో సరిచూసి పెట్టుకోవాలి. నాగలి దున్నిన రోజున ఆ గడిని మళ్లీ మామూలుగా మార్చడం మర్చిపోవద్దు.

అడుగున ఏం పెట్టాలన్నది భూగర్భజల మట్టాన్ని బట్టి ఉంటుంది. చాలా లోతున ఉంటే చివరి గడి నుంచి కె ఎంతో అంత కిందికి జారిపోతుందని పెట్టండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో లాగా మీటరు రెండు మీటర్లలోనే నీళ్లుంటే ఆ షరతు పనికిరాదు, నీటిమట్టం దగ్గర హెచ్ సున్నా అని పెట్టాలి, అప్పుడే కింది నుంచి పైకి పీల్చుకునే నీరు కనబడుతుంది. డ్రమ్ములోనో లైసిమీటర్‌లోనో (అడుగు నుంచి కారే నీటిని కొలిచే మట్టి తొట్టి) మట్టి నింపి ప్రయోగం చేస్తుంటే మూడో రకం: అడుగున హెచ్ సున్నాకి చేరేదాకా చుక్క బయటికి రాదు.

మొదలు ఎక్కడి నుంచి? తేమ విలువలు కాకుండా హెచ్ విలువలు ఇవ్వండి. పొరలున్న నేలలో హద్దు దగ్గర హెచ్ నున్నగా మారుతుంది, తేమ గెంతుతుంది. అసలేమీ తెలియకపోతే ఏదో ఒక విలువతో మొదలుపెట్టి ఒక సంవత్సరం వాతావరణాన్ని ఊరికే నడిపించి, ఆ చివరి స్థితిని మొదలుగా తీసుకోండి.

నమ్మేముందు

మూడు పరీక్షలు. రెండు చివర్లూ మూసేసి, సెంటీమీటరు కిందికి దిగేకొద్దీ హెచ్ ఒక సెంటీమీటరు పెరిగేలా పెట్టండి; పై సూత్రంలో 1 − 1 సున్నా, ఏ గడిలోనూ ఏమీ కదలకూడదు. కదిలిందంటే గుర్తుల గొడవ. తర్వాత అంతటా హెచ్ −100 పెట్టి, పై నుంచి రోజుకి 0.0045 సెం.మీ. ఇస్తూ అడుగున స్వేచ్ఛగా జారనిస్తే అప్పుడూ ఏమీ మారకూడదు. మూడోది సీలియా బృందం వాడిన పరీక్ష: ఆల్ఫా 0.0335, ఎన్ 2, నిండు తేమ 0.368, మిగులు తేమ 0.102, నిండు కె సెకనుకి 0.00922 సెం.మీ., మొదట అంతటా −1000, పైన −75 పట్టి ఉంచి ఒక రోజు నడపాలి. గళ్లు, కాలపు అడుగులు సన్నగా చేసినా, కాస్త లావుగా చేసినా తడి అంచు దాదాపు ఒకే లోతున రావాలి.

ఇవి కాక ప్రతి రన్‌కీ జమాఖర్చు ప్రింట్ చేయించండి. లోపలికి వచ్చింది, బయటికి పోయింది, నిలవ మార్పు, తేడా. తేడా ఒక శాతం దాటితే ఆ గ్రాఫ్ ఎవరికీ చూపించకండి. చేతి లెక్క కూడా పక్కన ఉంచుకోండి: −1000 దగ్గర మన ఎర్రనేల తేమ 0.072, నిండు తేమ 0.41, ఒక్కో సెంటీమీటరు లోతు మహా అయితే 0.338 సెం.మీ. నీళ్లు తాగుతుంది. 40 మి.మీ. మొత్తం ఇంకితే తడి అంచు 12 సెం.మీ. కన్నా పైన ఉండే వీలే లేదు. మీ మోడల్ 6 సెం.మీ. చూపిస్తే ఎక్కడో నీళ్లు పోయాయి.

బంకమట్టికి నడిపేటప్పుడు ఎన్ 1.09 లాంటి విలువలుంటే నిండుదల దగ్గర కె నిట్టనిలువుగా పడిపోయి కోడ్ తేలకుండా తిరుగుతుంది. హైడ్రస్‌లో దీనికోసమే హెచ్ −2 సెం.మీ. వరకు నేల నిండుగానే ఉందనుకునే ఆప్షన్ ఉంది, మీ కోడ్‌లోనూ అది చేర్చుకోండి. ఇంతదాకా రాసుకున్నాక ఉచితంగా దొరికే హైడ్రస్-1డి దించుకుని అదే సమస్య దాంట్లో నడిపి పోల్చండి. రెండూ కలిస్తే వేర్లు, ఉప్పు, నైట్రేట్ వంటివన్నీ ఇక దాంట్లోనే చేసుకోవచ్చు, సొంత కోడ్‌ని సాగదీయడం దండగ.

పొలం కొలతలతో సరిచూసేటప్పుడు, హెచ్ కొలిచే టెన్సియోమీటర్ −800 దాకానే పనిచేస్తుందని గుర్తుంచుకోండి, ఆపైన ఎండితే గొట్టంలో గాలి చేరి అర్థం లేని అంకె చూపిస్తుంది. ఎండేటప్పుడు గీసిన వక్రరేఖా, తడిసేటప్పుడు గీసిందీ ఒకటి కావు, కాబట్టి వాన వెలిశాక ఆరే రోజులతో విలువలు కుదుర్చుకుని, వాన పడే రోజు తేమని ఖచ్చితంగా చెప్పమంటే అది కుదరదు.

నల్లరేగడికి మాత్రం ఈ మోడల్‌ని వేసవి తర్వాతి మొదటి వానలకి వాడకండి. నెర్రెలు విచ్చిన చేలో నీళ్లు తూములో పోసినట్టు అడుగుకి పోతాయి, పైన జానెడు మట్టి పొడిగానే ఉంటుంది, రిచర్డ్స్ సమీకరణానికి నెర్రె అంటే ఏమిటో తెలియదు. హైడ్రస్‌లో రెండు దారుల మోడల్ ఉంది, నెర్రెలకొకటి, మట్టికొకటి, కానీ దానికి కావలసిన విలువలు రెట్టింపు, కొలిచే దారి తక్కువ. అంత డేటా లేకపోతే వానలో ఒక వాటాని నేరుగా నెర్రెల లోతుకి పంపించి, మిగతాదాన్ని పై నుంచి ఇవ్వండి, నెర్రెలు మూసుకున్నాక ఆ వాటా సున్నా చేయండి. ఆ వాటా ఎంతో చెప్పడానికి మొదటి వాన తర్వాత గడ్డపారతో రెండు మూడు చోట్ల తవ్వి తడి ఎక్కడుందో చూడాల్సిందే.